పదో తరగతి సెలవుల్లోనే చెల్లికి పెళ్లి చేసేస్తామంటున్నారు

ప్రశ్న: మాది ఆసిఫాబాద్ జిల్లాలో ఒక గోండు గూడెం. నేను నర్సింగ్ చదువుతున్నాను. చెల్లికి పదహారేళ్లు. ఆశ్రమ పాఠశాలలో పది పరీక్షలు రాసి ఇంటికొచ్చింది. వచ్చే నెలలో మేనమామ కొడుక్కి ఇచ్చి చేస్తామని పెద్దలు మాట ఇచ్చుకున్నారు. చెల్లి నా దగ్గర ఏడుస్తుంది, నాన్న ముందు నోరు విప్పదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేస్తే నాన్న జైలుకు పోతాడేమో, గూడెం మమ్మల్ని వెలేస్తుందేమో అని భయంగా ఉంది.

జవాబు: ముందు జైలు సంగతి చూద్దాం. 2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నమాట నిజం. అయితే అది మెడకు చుట్టుకునేది ఎక్కువగా పెళ్లి జరిగిపోయాకే. ముందే తెలిస్తే అధికారులు మామూలుగా తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడతారు, హామీ రాయించుకుంటారు, అంతే. ఆడవాళ్లకైతే ఈ చట్టం కింద జైలుశిక్ష లేదు కాబట్టి అమ్మ గురించి ఆ బెంగ వద్దు. నాన్నను కాపాడుకోవాలన్నా మీరు కదలాల్సింది ఇప్పుడే.

'మన ఆచారం వేరు, ఆ చట్టం మనకు లేదు' అని ఎవరో ఒకరు అంటారు. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కాబట్టి పుట్టిన మాట అది. వయసు చట్టం వేరు, అందరికీ ఒకటే. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. అసలు ఆ అబ్బాయి వయసెంతో అడిగారా? చాలా గూడేల్లో ఈ ప్రశ్నే ఎవరూ వేయరు. అతనికీ 21 నిండకపోతే మామయ్యతో మాట్లాడటం సులువవుతుంది. 'నీ కొడుక్కీ వయసు రాలేదు మామా, రెండేళ్లు ఆగుదాం' అంటే అందులో ఎవరి పరువూ పోదు. అందుకే నాన్న కంటే ముందు మామయ్య దగ్గరికి వెళ్లండి. మాట తీసుకున్నది ఆయన, వాయిదా ఆయన నోటి నుంచి వస్తే మాట తప్పినట్టు కాదు.

మేనరికం కాబట్టి ఇంకో దారీ ఉంది. గోండు, కోయ, కొలాం కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు కనిపిస్తుంది. ఇద్దరిలోనూ ఆ లక్షణం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష గురించి అడగండి. నర్సింగ్ చదివే అమ్మాయి చెబితే ఇంట్లో వింటారు. కాకపోతే ఒక్క జాగ్రత్త: ఈ ఒక్క కారణం మీదే ఆధారపడకండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే, 'ఇంకేం, ముహూర్తం పెట్టేద్దాం' అంటారు. అసలు కారణం వయసే అని ప్రతిసారీ చెప్పాలి.

ఇక చెల్లి. ఆమె ఏడుపును మీరు మోసుకొచ్చి చెబితే 'పెద్దది చదువుకుని చిన్నదాన్ని చెడగొడుతోంది' అంటారు. ఆమే మాట్లాడాలి. 'నాకు పెళ్లి వద్దు' అంటే తిరుగుబాటులా వినిపిస్తుంది. 'ఇంటర్ అయ్యేదాకా ఆగండి నాన్నా, ఫలానా కాలేజీలో సీటుకు పెట్టుకుంటున్నా' అంటే జవాబు చెప్పక తప్పని ప్రశ్నవుతుంది. మీ ఇద్దరూ రెండు మూడుసార్లు అని చూసుకోండి, ఒకరు నాన్నలా కోప్పడుతూ. వినడానికి నవ్వులాటగా ఉన్నా, గొంతు వణకడం మూడోసారికి తగ్గుతుంది. అదే బడిలో చదివిన ఇద్దరు స్నేహితురాళ్లు పక్కన ఉంటే ఇంకా మంచిది. వాళ్లకు రేపు ఇదే కష్టం రావచ్చు.

గూడెం పెద్ద అయిన పటేల్‌నూ, గోండుల పెద్దల పంచాయతీ అయిన రాయ్ సెంటర్‌కు పెద్ద సార్మేడినీ మీరే ముందు కలవండి. పోలీసు జీపు వచ్చాక కలిస్తే వాళ్లకు అవమానంగా ఉంటుంది. ముందే కలిస్తే పెద్దరికంగా ఉంటుంది. వెలి భయానికి ఇంతకంటే మంచి మందు లేదు. పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి సాయం 1,00,116 రూపాయలు రావాలంటే పెళ్లినాటికి వధువుకు 18 నిండాలని కూడా అక్కడే చెప్పండి. ఆ లెక్క చాలామందికి తెలుసు, గుర్తు చేసేవాళ్లు లేరు.

వారంలో ఇవేవీ కదలకపోతే 1098కి చేయండి. ముహూర్తానికి ముందు రాత్రి కాదు, కనీసం పదిరోజుల ముందు. పందిరి వేసి, బంధువులు దిగాక ఆపితే నింద మొత్తం అమ్మాయి మీదే పడుతుంది. గూడెం, మండలం, చెల్లి పేరు, చదివిన బడి, పెళ్లి తేదీ, చోటు చెప్పాలి. మీ పేరు బయటపెట్టొద్దని అడగొచ్చు. వయసు రుజువుకు బడి రికార్డే ముందు చూస్తారు. టీసీ, పది మెమో ఫోటోలు మీ ఫోన్లో ఉంచుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించే ప్రయత్నాలు జరుగుతుంటాయి.

ఎక్కువ కేసులు దెబ్బతినేది ఆపిన తర్వాత. హామీ కాగితం మీద సంతకం పెట్టి, నెల తిరగకుండా మహారాష్ట్ర వైపు బంధువుల ఊళ్లో కానిచ్చేస్తారు. ఆ అనుమానం ఉంటే మెజిస్ట్రేటు కోర్టు నుంచి నిషేధ ఉత్తర్వు తెప్పించమని సీడీపీఓను (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారిని) అడగండి. ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి చట్టం ముందు అసలు పెళ్లే కాదు. ఉత్తర్వు లేకుండా జరిగిపోయినా, చెల్లికి ఇరవై నిండేలోపు జిల్లా కోర్టులో రద్దు కోరవచ్చు.

సెలవుల్లో ఇంట్లో ఖాళీగా ఉండటమే ఇక్కడ అసలు ప్రమాదం. ఫలితాలు రాగానే గురుకుల జూనియర్ కాలేజీకో, ఇంటర్ ఉన్న కస్తూర్బా బాలికా విద్యాలయానికో దరఖాస్తు పెట్టించండి, ఉట్నూరులోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలోనూ అడగండి. ఇంట్లో ఉండటం కష్టమైతే జిల్లా బాలల సంక్షేమ సమితి ఆమెకు వసతి చూపించగలదు. కుల ధ్రువపత్రం ఈ వారమే తీయించండి. సీటు వచ్చాక అది లేక ఆగిపోయే పిల్లలు ఎక్కువ.