రీసెట్ నొక్కకముందే ఇది చదువు చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు మొదటి జీతంతో బొమ్మలు కొంటానంటోంది, నువ్వైనా చెప్పు" అంది. ఏం బొమ్మలే అంటే, "అడుగున చిన్న దిమ్మ ఉంటుందట, గేముకి ఆనిస్తే లోపల ఏవో వస్తాయట" అంది. నింటెండో స్విచ్ అనే గేము మెషీన్‌కి ఆనించే అమీబోలని అర్థమైపోయింది. బ్రాడీపేటలో ఎవరో పన్నెండు బొమ్మలు ఒకే లాటుగా అమ్ముతున్నారని, శనివారం వెళ్లి తెచ్చుకుంటావని కూడా చెప్పింది.

వద్దని చెప్పడానికి రాయట్లేదమ్మా. నీ కష్టార్జితం, నీ సరదా. నీ సొంత డబ్బుతో నీకిష్టమైంది కొనుక్కునేంత దానివయ్యావంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. సెకండ్ హ్యాండ్ బొమ్మలు ఇంటికి రాగానే ఎవరైనా మొట్టమొదట చేసే పని ఒకటుంది. ఆ పని నువ్వు చెయ్యకముందే ఈ ఉత్తరం నీకు అందాలి.

ముందు తేలిక విషయాలు. స్కాన్ చెయ్యాల్సింది కుడి జాయ్‌కాన్ (స్విచ్ పక్కన తగిలించే చిన్న కంట్రోలర్) స్టిక్కు మీద. ఎడమదాంట్లో రీడరే లేదు, ఎంతసేపు ఆనించినా పలకదు. ప్రో కంట్రోలర్ అయితే పైన మధ్యలో ఉన్న స్విచ్ గుర్తు మీద పెట్టాలి. వేరే కంపెనీల చవక కంట్రోలర్లలో చాలావాటికి ఈ సౌకర్యం ఉండదు. స్టిక్కుకి మందపాటి రబ్బరు టోపీ తొడిగి ఉంటే తీసెయ్యి. ఇనుప టేబుల్ మీదో బీరువాకి ఆనించో స్కాన్ చెయ్యకు. బొమ్మలో బ్యాటరీ ఉండదు, రీడరు వదిలే అయస్కాంత క్షేత్రం నుంచే చిప్పుకి కరెంటు పుడుతుంది, పక్కన ఇనుము ఉంటే అది ఆ శక్తిని లాగేసుకుంటుంది. బ్యాటరీ లేదు కాబట్టే 2014లో వచ్చిన మొదటి బొమ్మలు కూడా ఇవాళ్టికీ పనిచేస్తాయి. ఏ దేశంలో కొన్న బొమ్మైనా ఏ దేశపు స్విచ్‌లోనైనా పనిచేస్తుంది, ఆ భయం పెట్టుకోకు.

బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ అనే జేల్డా గేములో అమీబో తనంతట తాను రాదు. సిస్టమ్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్లి ఆన్ చేస్తే, రూన్‌ల (ఆటలో వాడుకునే శక్తుల) వరసలో చివర చేరుతుంది. ఆ మాత్రం నువ్వే కనిపెడతావు.

ఇప్పుడు అసలు సంగతి.

సెట్టింగ్స్‌లో అమీబో అనే చోట "రీసెట్" అని ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బొమ్మ స్కాన్ చేస్తే పాతవాళ్ల పేరు, వాళ్లు పెట్టిన ముద్దుపేరు కనిపిస్తాయి. చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? కొన్న పాత్ర కడుక్కున్నట్టు ఇది కూడా కడిగేసుకుందాం అనిపిస్తుంది. రీసెట్ నొక్కుతారు. ఒకటి అయ్యాక రెండోది, అలా వరసగా లాటు మొత్తం. ఎనిమిదేళ్ల కిందట ఆ పని చేసిన చెయ్యి నాదే. అందులో తోడేలు బొమ్మ ఉంది.

ఆ బొమ్మ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీ పన్నెండింటిలో అది ఉండే అవకాశం ఉంది. తోడేలు మీద చిన్న అమ్మాయి కూర్చుని ఉంటుంది, ఆమె పేరు మిడ్నా. 2016 మార్చిలో, స్విచ్‌కి ముందు నింటెండో అమ్మిన వీ యూ కన్సోల్‌కి ట్విలైట్ ప్రిన్సెస్ హెచ్‌డీ గేము వచ్చినప్పుడు దానితో వచ్చింది. ఆ గేములో కేవ్ ఆఫ్ షాడోస్ అని ఒక గుహ ఉంది. ఒక గదిలో శత్రువుల్ని చంపితేనే ఇంకో గది, అలా చివరిదాకా పోవాలి. పోయాక నీ దగ్గర మిగిలిన గుండెలెన్నో (ప్రాణం లెక్క అవే) అన్నీ ఆ బొమ్మలో రాసుకుంటుంది. గుండెలన్నీ నిండుగా ఉంచుకుని చివరికి చేరినవాళ్లకి 20 గుండెలు. ఆ బొమ్మనే తెచ్చి బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో ఆనిస్తే 20 గుండెల తోడేలు దిగుతుంది. నీ పక్కనే నడుస్తుంది, వేటాడుతుంది, నీ మీదికొచ్చినవాళ్ల మీద పడుతుంది. ఏమీ రాయని బొమ్మ ఆనిస్తే వచ్చే తోడేలుకి 3 గుండెలే. నాలుగు దెబ్బలకే పోతుంది, పోతే మళ్లీ రేపటిదాకా పిలిచినా రాదు.

రీసెట్ కొట్టిన ఆ ఒక్క క్షణంలో 20 కాస్తా 3 అయ్యాయి. తిరిగి రాయించాలంటే ఏం కావాలో చూడు. వీ యూ కన్సోల్ కావాలి, ఆ గేము డిస్కు కావాలి, కథలో ముందుకెళ్లి ఆ గుహ తెరిపించుకోవాలి, 20 గుండెలూ మిగిలేలా చివరిదాకా పోవాలి. వీ యూ ఆన్‌లైన్ దుకాణం 2023 మార్చి 27న మూసేశారు, గేము అక్కడ కొనే దారి కూడా లేదు. ఎవరో ఎక్కడో రాత్రుళ్లు కూర్చుని సంపాదించిన 20 గుండెలు అవి. వాళ్ల కష్టం నా చేతుల్లోకి వచ్చింది, శుభ్రం పేరుతో తుడిచేశాను.

ఇందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఏంటంటే, ఆ రీసెట్ అసలు అవసరమే లేదు. బోనస్ ఇచ్చే గేముల్లో చాలావరకు బొమ్మని చదువుతాయి, అంతే. పాతవాళ్ల పేరు ఉన్నా లేకపోయినా వాటికి సంబంధం లేదు. స్విచ్‌లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ అనే రెండు జేల్డా గేములూ, మారియో ఒడిస్సీ, యానిమల్ క్రాసింగ్ అన్నీ చదివేవే. బొమ్మలోకి రాసే గేములు వేరే ఉన్నాయి: స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్, స్ప్లాటూన్, ఇందాకటి ట్విలైట్ ప్రిన్సెస్. కొత్త గేము మొదలుపెట్టేముందు "ఇది చదివేదా, రాసేదా" అని ఒక్క ప్రశ్న వేసుకో.

రాసే గేముల్లో ఇంకో మెలిక ఉంది. ఒక బొమ్మలో ఒక్క గేము రాత మాత్రమే పడుతుంది. లోపలి చిప్పులో వాడుకోగలిగే చోటు 504 బైట్లు, ఈ పేరా కూడా అందులో పట్టదు. స్మాష్‌లో 50 లెవెల్‌కి పెంచిన బొమ్మని స్ప్లాటూన్‌లో వాడబోతే, పాత డేటా చెరపమని అడుగుతుంది. నీ అక్షరాభ్యాసం నాటి పలక గుర్తుందా? నేను చెయ్యి పట్టి దిద్దించిన "ఓం నమః" మీద నువ్వే తడిగుడ్డ పెట్టి తుడిచి, అది పోయిందని సాయంత్రం దాకా ఏడ్చావు. మళ్లీ దిద్దిస్తే ఊరుకున్నావు. ఈ పలక అలాంటిది కాదురా తల్లీ, మళ్లీ దిద్దించడం నా చేతిలో ఉండదు.

అందుకని శనివారం ఇంటికి రాగానే సెట్టింగ్స్ జోలికే వెళ్లకు. బొమ్మల్ని మూడు కుప్పలు చెయ్యి. తోడేలు ఉంటే విడిగా పెట్టు. స్మాష్‌లో కొట్లాడే పాత్రలు, స్ప్లాటూన్ పిల్లలు ఒక కుప్ప, వాటిని లోపల ఏముందో చూశాకే ముట్టుకోవాలి. మిగతావి భయం లేకుండా వాడుకో. రాసే గేములో స్కాన్ చేసినప్పుడు మాత్రం తెర మీద అయిందని వచ్చేదాకా బొమ్మని కదపొద్దు, రాత మధ్యలో లేపితే డేటా చెడుతుంది.

లాటుకి వెళ్లేటప్పుడు నీ స్విచ్ వెంట తీసుకెళ్లు. మొహమాటపడకు, డబ్బులిచ్చేముందు ప్రతి బొమ్మా అక్కడే స్కాన్ చేసి చూడు. ఫోన్లో ఎన్‌ఎఫ్‌సీ (ఇలాంటి చిప్పుల్ని ఆనించి చదివే సౌకర్యం) ఉంటే చిప్పు బతికే ఉందో లేదో తెలుస్తుంది. అసలుదో కాదో దాంతో తేలదు, ఎందుకంటే నకిలీ కార్డుల్లోనూ ఎన్‌ట్యాగ్ 215 అనే అదే రకం చిప్పు ఉంటుంది. గుండ్రటి బిళ్లలు, ఏ ముద్రా లేని కార్డులు కలిపి అంటగడితే వద్దను. అవి ఎవరో కాపీ చేసినవి, వాటికి బొమ్మల ధర పెట్టొద్దు. లాట్లలో స్కైలాండర్స్, డిస్నీ ఇన్ఫినిటీ బొమ్మలు కూడా కలిసిపోతుంటాయి. చూడ్డానికి అలాగే దిమ్మ మీద నిలబడి ఉంటాయి, కానీ నీ జేల్డాకి పనికిరావు. వాటి గేములు వేరు, చాలావాటికి ఆనించే పళ్లెమూ వేరు.

కాలు విరిగిన బొమ్మ ఉంటే మాత్రం వదలకు. చిప్పు ఉండేది దిమ్మలో. పైన బొమ్మ మొత్తం ఊడినా బోనస్ వస్తుంది, ధర మాత్రం సగానికి అడగొచ్చు.

ఇక ఏ బొమ్మ వల్ల ఏం లాభమో నా అభిప్రాయం చెబుతాను. ఒడిస్సీలో బట్టల కోసం బొమ్మలు కొనకు. ఆ డ్రెస్సులు ఆట ముందుకెళ్తే షాపులోనే దొరుకుతాయి, బొమ్మ ఉంటే కాస్త ముందు వస్తాయి, అంతే. మెట్రాయిడ్ డ్రెడ్‌లో ఆ గేము కోసమే వచ్చిన సామస్ బొమ్మ ఒక ఎనర్జీ ట్యాంకు ఇస్తుంది, అది నిజంగా ఉపయోగం. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో బొమ్మల వల్ల వచ్చేవాటిలో బాగుండేవి పారాగ్లైడర్ గుడ్డలు. హటేనో ఊళ్లో రంగులద్దే షాపుకి తీసుకెళ్తే మార్చిపెడతారు. ఆ గేములో తోడేలు మాత్రం రాదు, ఎదురుచూడకు.

స్మాష్ సిరీస్ లింక్ బొమ్మ లాటులో ఉంటే అదృష్టం, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో ఎపోనా గుర్రం దాంతో వస్తుంది. అయితే ఆట మొదలయ్యే పీఠభూమి దిగి పారాగ్లైడర్ చేతికొచ్చాకే దాన్ని వాడు. గుర్రం కళ్ల ముందుకి రాగానే ఎక్కి, ఇంకెక్కడికీ తిప్పకుండా తిన్నగా దగ్గర్లో ఉన్న లాయానికి తోలుకెళ్లి పేరు రాయించు. రాయించని గుర్రం నీది కానట్టే లెక్క.

ఆ జేల్డా గేముల్లో ఒక్కో బొమ్మ రోజుకి ఒక్కసారే పనిచేస్తుంది. ఆనించగానే పడే పెట్టెలో ఏం ఉంటుందన్నది అప్పటికప్పుడు తేలేది. అందుకని స్కాన్ చేసేముందు చేత్తో సేవ్ చేసుకో, మంచిది రాకపోతే ఆ సేవ్ తెరిచి మళ్లీ ఆనించు. చదునైన నేల చూసుకుని నిలబడు, కొండవాలు మీదైతే పడిన పళ్లూ కాయలూ దొర్లుకుంటూ పోతాయి.

కొందరు సేవ్ చేసుకునే ఓపిక లేక స్విచ్‌లో తేదీ ముందుకి జరుపుతారు. నువ్వు ఆ పని చెయ్యకు. అదే మెషీన్‌లో నీ యానిమల్ క్రాసింగ్ దీవి కూడా ఉంది కదా. అది కూడా అదే గడియారం చూస్తుంది. వారం ముందుకి జరిపితే ఆదివారం కొన్న టర్నిప్‌లు కుళ్లిపోతాయి, తప్పు దిద్దుకుందామని వెనక్కి జరిపినా కుళ్లిపోతాయి. దీవి నిండా కలుపు లేస్తుంది.

ఆ దీవికి అమీబో కార్డులు (బొమ్మకి బదులు కార్డులోనే చిప్పు ఉండేవి) కొనాలనుకుంటే ముందుగా నీకు ఇష్టమైన పాత్ర ఎవరో తేల్చుకో. రెసిడెంట్ సర్వీసెస్ భవనంలో ఉన్న మెషీన్ దగ్గర కార్డు ఆనించి పిలిస్తే ఆ పాత్ర క్యాంపుకి వస్తుంది, ఏదో వస్తువు చేసి ఇమ్మని అడుగుతుంది. ఇస్తూ మూడు రోజులు పిలవాలి, అప్పుడే ఇల్లు కట్టుకోవడానికి ఒప్పుకుంటుంది. పది ఇళ్లూ నిండి ఉంటే ఎవర్ని పంపాలో నిన్నే అడుగుతుంది. ఆ సమయంలో తొందరపడి బటన్లు నొక్కేసుకుంటూ పోకు, చదివి నొక్కు.

ఇంకో భయం చెప్పి ఆపుతాను. మన ఎండలు. ఈ బొమ్మలు పీవీసీతో చేసినవి. మే నెలలో గుంటూరు నుంచి ఇక్కడికి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని వస్తే, వచ్చేసరికి కత్తులు వంగిపోతాయి, నిలబడ్డవాళ్లు వాలిపోతారు. పడమటి కిటికీ దగ్గర అరలో పెట్టొద్దు, వేడికి పైన జిగురు తేలి దుమ్ము అంటుకుంటుంది. అంటితే సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడువు, థిన్నరూ నెయిల్ పాలిష్ రిమూవరూ పెట్టావంటే రంగు లేచిపోతుంది.

వంగిన కత్తికి మందు ఉంది. చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడినీళ్లు గిన్నెలో తీసుకో, మరిగే నీళ్లు వద్దు. బొమ్మని తలకిందులుగా పట్టుకుని కత్తి వరకే అర నిమిషం ముంచు. దిమ్మకి చుక్క నీరు తగలకూడదు. మెత్తబడ్డాక రెండు వేళ్లతో నిదానంగా తిన్నగా చేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టు. చల్లారేదాకా వేళ్లు వదలకు, ముందే వదిలితే మళ్లీ పాత వంపుకే పోతుంది.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, డబ్బు దండగ అని నిన్ను ఏమీ అనదు. నువ్వు మాత్రం ఆదివారం రా. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో దిగి ఫోన్ చెయ్యి, వచ్చి తీసుకెళ్తాను. లాటులో తోడేలు ఉంటే మెత్తటి గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టుకుని తీసుకురా, ఏమీ నొక్కకుండా. నా స్విచ్‌లో బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ సేవ్ అలాగే ఉంది. ఇద్దరం కలిసి ఆనించి, దానికి ఎన్ని గుండెలున్నాయో లెక్కపెడదాం.

మీ మావయ్య
సత్యనారాయణపురం, విజయవాడ