రెండు ర్యాకులకు 400జీ స్విచ్ కావాలా?

ప్రశ్న: మాది విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. హైదరాబాద్‌లోని ఒక డేటా సెంటర్‌లో పక్కపక్కనే రెండు ర్యాకులు అద్దెకు తీసుకున్నాం. ర్యాకుకి 20 సర్వర్లు, సర్వర్‌కి రెండేసి 25జీ (సెకనుకి 25 గిగాబిట్ల) పోర్టులు. డీలరు 32 పోర్టుల 400జీ స్విచ్‌లు రెండు తీసుకోమంటున్నాడు, పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదట. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దండీ. ఆ స్విచ్ ఒక్కటే సెకనుకి 12.8 టెరాబిట్లు (12,800 గిగాబిట్లు) మోస్తుంది. మీ 40 సర్వర్లూ ఒకేసారి నిండుగా పంపినా 2 టెరాబిట్లు దాటవు. పైగా దాని పోర్టును నాలుగు 100జీలుగా విడగొట్టడం మామూలే గానీ, 25జీకి దిగుతుందా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది. 400జీ ఆప్టిక్ (పోర్టులో పెట్టి ఫైబర్ కేబుల్ తగిలించే మాడ్యూలు) ఒక్కోటీ పది పన్నెండు వాట్లు లాగుతుంది. అద్దె ర్యాకులో కరెంటుకి హద్దుంటుంది కదా.

48 పోర్టుల 25జీ స్విచ్ ర్యాకుకి ఒకటి చాలు. ప్రతి సర్వర్ నుంచి ఒక కేబుల్ ఈ స్విచ్‌కి, ఇంకోటి పక్క ర్యాకులోని స్విచ్‌కి ఇవ్వండి. ఒకటి పోయినా పని ఆగదు. ఒక్కో స్విచ్‌లో 40 పోర్టులు నిండి 8 మిగులుతాయి.

కొటేషన్‌లో ముందు చూడాల్సింది అప్‌లింక్, అంటే స్విచ్ నుంచి పైకి, మిగతా నెట్‌వర్క్‌కి వెళ్లే లింకులు. కింద 40 పోర్టులంటే 1000 గిగాబిట్లు. పైన 100జీ పోర్టులు ఆరే ఉంటే, రెండు స్విచ్‌లనూ జత కలపడానికి రెండు పోతాయి. మిగిలేది 400 గిగాబిట్లు, అంటే కిందిది పైదానికి రెండున్నర రెట్లు, 2.5:1. వెబ్‌కీ డేటాబేస్‌కీ 3:1 దాకా నేను ఒప్పుకుంటాను. స్టోరేజీ కూడా ఇదే నెట్‌వర్క్ మీద నడుపుతారా? అయితే 100జీ పోర్టులు ఎనిమిదున్న మోడలే అడగండి.

గాలి సంగతి మాత్రం ఆర్డర్‌లో రాయించి తీరండి. సర్వర్ల నెట్‌వర్క్ పోర్టులు వెనకవైపు, వేడిగాలి వచ్చే చోట ఉంటాయి కాబట్టి స్విచ్ పోర్టుల్నీ అటే తిప్పి బిగిస్తాం. అప్పుడు ఫ్యాన్లు పవర్ సప్లై వైపు నుంచి చల్లగాలి పీల్చి పోర్టుల వైపు వదలాలి. చాలా మోడళ్లు రెండు దిశల్లోనూ వస్తాయి, తేడా పార్ట్ నంబర్‌లోనే కనిపిస్తుంది. నేను పనిచేసిన ఒకచోట ఎదురు దిశ ఫ్యాన్లతో వచ్చిన స్విచ్ సర్వర్లు వదిలిన వేడినే పీలుస్తూ, ఫ్యాన్లు మార్చేదాకా అలారం కొడుతూనే ఉంది. పవర్ సప్లైలో కూడా ఫ్యాన్ ఉంటుంది, దాని దిశా కలవాలి.

కేబుళ్లకి ఆప్టిక్స్ అక్కర్లేదు. 3 మీటర్ల లోపు రాగి డాక్ కేబుల్ (రెండు చివర్లా ప్లగ్ బిగించే వచ్చేది) హాయిగా పనిచేస్తుంది. పక్క ర్యాకుకి పైనుంచి తిప్పి తీసుకెళ్లే దారిని టేపుతో కొలిచాకే కొనండి. లింక్ రాకపోతే రెండు చివర్లా ఎఫ్ఈసీ (దారిలో వచ్చే తప్పుల్ని సరిదిద్దే పద్ధతి) సెట్టింగ్ ఒకటేనా అని ముందు చూడండి.

మిగిలిన డబ్బులో కొంత పెట్టి ఒక ఫ్యాన్ మాడ్యూలు, ఒక పవర్ సప్లై విడిగా కొని ర్యాకులోనే ఉంచండి. విజయవాడ నుంచి మీ మనిషి బయల్దేరి వెళ్లేలోపు అక్కడి సిబ్బందే మార్చేస్తారు.