గ్రీన్‌కార్డు ఉండగా ‘ఎన్‌ఆర్’ రిటర్న్ వేశాను, పౌరసత్వం వస్తుందా?

ప్రశ్న: 2018లో గ్రీన్‌కార్డు వచ్చింది. భార్యాపిల్లలతో డాలస్‌లో ఉంటున్నాను. 2021 జనవరిలో నాన్నగారికి పక్షవాతం వస్తే హైదరాబాద్ వెళ్లి పది నెలలు ఆయన దగ్గరే ఉన్నాను. ఇల్లు గడవాలి కాబట్టి అక్కడే ఒక కంపెనీలో పనిచేశాను. ఆయన దక్కలేదు. ‘మీరు ఇండియాలో ఉన్నారు కదా’ అంటూ కన్సల్టెంట్ ఆ ఏడాదికి 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్లు, అంటే అమెరికా నివాసులు కానివారు వేసే పన్ను రిటర్న్) వేశాడు. 2023 పన్నులో దాదాపు 7 వేల డాలర్లు బాకీ ఉంది, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఉత్తరాలు విప్పి చూడలేదు. ఇప్పుడు పౌరసత్వానికి పెడదామంటే, ‘ఎన్‌ఆర్ ప్రశ్నకు నో పెట్టండి, మూడేళ్లు దాటిన రిటర్న్ ఎవరూ చూడరు’ అంటున్నాడు అదే కన్సల్టెంట్. కష్టకాలంలో జరిగిన పొరపాటుకు ఇంత శిక్షా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం నాన్నగారి అనారోగ్యం, 7 వేల బాకీ గురించే. బాకీ డబ్బుతో తీరిపోతుంది. మీ కేసును తేల్చేది 1040-ఎన్‌ఆర్ మీద మీరు పెట్టిన సంతకం.

గ్రీన్‌కార్డు ఉన్నంతకాలం ఏ దేశంలో ఉన్నా సాధారణంగా పన్ను లెక్కకు మీరు అమెరికా రెసిడెంటే. ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా రెసిడెంట్లు వేసే రిటర్న్ 1040లో చూపాలి. ఎన్‌ఆర్ వేయడమంటే ‘నేను ఇక్కడి నివాసిని కాను’ అని ప్రభుత్వానికి రాసిచ్చినట్లు. పన్ను మినహాయింపు కోసం స్వచ్ఛందంగా అలా చెప్పుకున్న వ్యక్తి శాశ్వత నివాస హక్కును వదులుకున్నట్లే భావించాలని ఇమ్మిగ్రేషన్ నిబంధన (8 సీఎఫ్‌ఆర్ 316.5) చెబుతోంది. అది తప్పని ఆధారాలతో నిరూపించుకునే వీలుంది, కానీ నిరూపించాల్సిన భారం మీది. విఫలమైతే దరఖాస్తు కొట్టేయడంతో ఆగకపోవచ్చు, గ్రీన్‌కార్డే పోయిందంటూ ఇమ్మిగ్రేషన్ కోర్టుకు పిలవవచ్చు.

ఇక ‘నో’ పెట్టమన్న కన్సల్టెంట్ సలహా. చస్తే ఆ పని చేయకండి. పౌరసత్వ దరఖాస్తు ఫారం ఎన్-400లో ప్రశ్న సూటిగా ఉంటుంది: గ్రీన్‌కార్డు వచ్చాక ఎప్పుడైనా పన్ను రిటర్న్‌లో మిమ్మల్ని నాన్‌రెసిడెంట్ అని చెప్పుకున్నారా? ‘ఎప్పుడైనా’ అంటే గత అయిదేళ్లు కాదు, 2018 నుంచి. ఇంకొన్నేళ్లు ఆగి పెట్టినా జవాబు ‘అవును’ అనే ఉంటుంది. ఆ మూడేళ్ల గడువు ఐఆర్‌ఎస్ అదనపు పన్ను వేయడానికి సంబంధించినది. రాబడిలో పావు వంతుకు మించి దాచితే అదీ ఆరేళ్లు, మోసం ఉంటే గడువే లేదు. పౌరసత్వానికి దానితో సంబంధం లేదు. ఇంటర్వ్యూలో ప్రమాణం చేసి నోటితో అబద్ధం చెబితే, ఆ విషయం చిన్నదైనా సరే, పౌరసత్వానికి కావాల్సిన సత్ప్రవర్తన లేదని తేల్చడానికి అదొక్కటే చాలు. 1988లో కుంగిస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా ఇదే. పౌరసత్వం వచ్చాక బయటపడితే దాన్ని రద్దు చేయించే సివిల్ దావాకు కాలపరిమితి లేదు. క్రిమినల్ కేసుకు పదేళ్లు ఉంది.

రిటర్న్ ఎవరు తయారుచేసినా సంతకం మీదే. ఉత్తరాలు విప్పకపోవడం మరీ నిర్లక్ష్యం. 2023 బాకీ మీద చెల్లింపు ఆలస్యానికి నెలకు అర శాతం జరిమానా, దానిపై వడ్డీ పెరుగుతూనే ఉన్నాయి.

ఎన్-400 పంపకముందే 2021కి 1040-ఎక్స్ (రిటర్న్ సవరణ ఫారం)తో పాటు సరైన 1040 జతచేసి కాగితం మీద, రసీదు వచ్చే పోస్టులో పంపండి. హైదరాబాద్ జీతం, ఇండియా బ్యాంకులో ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయుల) డిపాజిట్లు ఉంటే వాటి వడ్డీ రెండూ చూపండి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇండియాలో పన్ను లేదని చాలామంది వదిలేస్తారు, అమెరికాలో పన్ను పడుతుంది. ఇండియాలో కట్టిన పన్నుకు ఫారం 1116 ద్వారా క్రెడిట్ తీసుకోండి. విదేశీ జీతానికి మినహాయింపు కోరే ఫారం 2555 జోలికి వెళ్లకండి. అందులో విదేశంలో స్థిర నివాసమని చెబితే మళ్లీ మీ కాళ్లే నరుక్కున్నట్లు. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటి ఉంటే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాల నివేదిక) కూడా చూసుకోవాలి. ఏ ఖాతా అయినా తెలిసే దాచి ఉంటే ముందు టాక్స్ అటార్నీని కలవండి, సీపీఏకి (లైసెన్సున్న అకౌంటెంట్‌కు) చెప్పిన మాటకు క్రిమినల్ కేసులో రహస్య రక్షణ ఉండదు.

7 వేలూ ఒకేసారి కట్టేయడం మేలు. లేకపోతే 50 వేల డాలర్ల లోపు బాకీకి ఐఆర్‌ఎస్ సైట్‌లోనే వాయిదాల ఒప్పందం కుదురుతుంది. ఆమోదపత్రం, ప్రతి వాయిదా రసీదు దాచండి. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆ గొడవ లేదు.

తర్వాత సాక్ష్యం. కన్సల్టెంట్‌కు మీరు పంపిన ఈ-మెయిళ్లు, అతని జవాబులు ఈరోజే డౌన్‌లోడ్ చేయండి, ఎన్‌ఆర్ ఆలోచన అతనిదని చూపేవి అవే. ఆ పది నెలల్లో డాలస్ ఇంటి అద్దె లేదా మార్ట్‌గేజ్, పిల్లల బడి రికార్డు, ఆసుపత్రి కాగితాలు, రానూపోనూ టికెట్. హైదరాబాద్ ఉద్యోగం మీ బలహీన స్థానం. నియామక పత్రంలో తాత్కాలికమని ఉందేమో చూడండి, లేకుంటే ఆ కంపెనీ నుంచి లేఖ తెచ్చుకోండి. పౌరసత్వానికి అమెరికా నివాసం తెగకుండా కొనసాగాలి, ఆరు నెలలు దాటిన ప్రయాణం దానికి కూడా చిక్కే. తిరిగొచ్చి నాలుగేళ్ల ఆరు నెలలు నిండాక పెడితే ఈ ఒక్క చిక్కు తప్పుతుంది, ఎన్‌ఆర్ చిక్కు తప్పదు.

ఫారంలో ‘అవును’ అని పెట్టి, అదనపు సమాచారం భాగంలో నాలుగు వాక్యాల్లో వివరించండి: ఏ ఏడాది, ఎందుకు, ఎప్పుడు సరిదిద్దారు, జత చేసిన కాగితాలేమిటి. తిరస్కరిస్తే 30 రోజుల్లో ఎన్-336 (మళ్లీ విచారించమని కోరే ఫారం) వేయాలి, అదీ విఫలమైతే 120 రోజుల్లో ఫెడరల్ జిల్లా కోర్టు. ఇంటర్వ్యూ తేదీ రాగానే ఐఆర్‌ఎస్ నుంచి కొత్త అకౌంట్ ట్రాన్‌స్క్రిప్ట్ (మీ పన్ను ఖాతా వివరాల పత్రం) తీసుకోండి, నెలల కిందటిది తీసుకెళ్లకండి. ప్రమాణ స్వీకారం దాకా సత్ప్రవర్తన లెక్కలోకి వస్తుంది కాబట్టి ఇంటర్వ్యూ పాసయ్యాక కూడా వాయిదా తప్పకూడదు.