లేపాక్షి నంది మబ్బులెక్కాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో, ఊళ్లు తిరిగినప్పుడు తీసుకున్న ఫొటోలతో ఊహల పోస్టుకార్డులు చేసుకోవడం గురించి రాశాను. మనం నిజంగా చూసిన చోటులో, అక్కడ ఎప్పటికీ జరగని ముచ్చట ఒకటి కలిపి, అచ్చు వేయించి, మనవాళ్లకి పంపడం అన్నమాట. దానికి బెంగళూరు నుంచే చాలా ఉత్తరాలు వచ్చాయి, ఎక్కువమంది కార్డు సగం చేసి ఎక్కడో చిక్కుకుపోయినవాళ్లే. అందుకని ఈ నెల పేజీ మొత్తం వాళ్లకే.

ప్రశ్న: సంక్రాంతికి అత్తయ్యతో కలిసి లేపాక్షి వెళ్లాం. అంతకుముందు నందిహిల్స్‌లో, తెల్లవారుజామున మబ్బులు కింద పరుచుకుని ఉండగా తీసిన ఫొటో ఒకటి నా దగ్గరుంది. లేపాక్షి నందిని ఆ మబ్బుల మీద కూర్చోబెట్టి అనంతపురంలో ఉన్న అమ్మమ్మకి పంపాలని నాలుగు రాత్రులుగా కూర్చుంటున్నాను. అంచులు ఎంతో జాగ్రత్తగా కత్తిరించాను, అయినా స్టిక్కర్ అతికించినట్టే ఉంది. తప్పు ఎక్కడ జరిగింది? – కె.ఆర్.పురం పాఠకురాలు

జవాబు: మీరు పంపిన బొమ్మ పెద్దది చేసి చూశానమ్మా. అంచుల్లో తప్పేం లేదు, మెడలో గంటల వరస దగ్గర కూడా చక్కగా కత్తిరించారు. తేడా ఎండ దగ్గర వచ్చింది. నందిని మీరు మిట్టమధ్యాహ్నం తీశారు, ఎండ నెత్తిమీద పడుతోంది, గంగడోలు కింద నల్లగా గట్టి నీడ ఉంది. మబ్బుల ఫొటోలో సూర్యుడు అప్పుడే లేస్తున్నాడు, వెలుగు పక్కనుంచి, పసుపురంగులో, మెత్తగా వస్తోంది. చూసేవాళ్లకి ఈ సంగతి మాటల్లో తెలియదు గానీ కన్ను మాత్రం ఇట్టే పట్టేస్తుంది, ఈ రెండూ ఒక పూటవి కావని. ఫోన్‌లో వెతకండి, అదే రోజు సాయంత్రం తిరిగి వెళ్తూ తీసింది ఒక్కటైనా ఉంటే, అది కాస్త వంకరగా ఉన్నా సరే, దాన్నే వాడండి. వెలుగు ఎడమ నుంచి ఒకదానికి, కుడి నుంచి ఒకదానికి వస్తుంటే మబ్బుల ఫొటోని అద్దంలో చూసినట్టు తిప్పేయండి, నందిని మాత్రం తిప్పకండి. మబ్బు ఎటు తిరిగినా మబ్బే, నంది తల ఎటు తిరిగి ఉంటుందో అనంతపురం జిల్లాలో పుట్టిన అమ్మమ్మకి తెలియకుండా ఉండదు.

రెండోది, చాలామంది పట్టించుకోనిది, కంటి ఎత్తు. మీరు నేలమీద నిలబడి నందిని తీశారు కదా, ఆ ఫొటోలో ఆకాశం నేలను తాకే గీత మీ కంటి ఎత్తులోనే, అంటే నంది ఒంట్లో కింది భాగానికి అడ్డంగా పోతుంది. కాబట్టి మబ్బుల ఫొటోలో దూరంగా మబ్బు అంతమై ఆకాశం మొదలయ్యే గీత కూడా నందికి సరిగ్గా అంత ఎత్తులోనే తగలాలి. మీరు నందిని బాగా కిందికి జరిపారు, దాంతో ఆ గీత మూపురం మీదుగా పోతోంది, అందుకే అంత పెద్ద నంది కాస్తా బొమ్మల కొలువులో నందిలా కనిపిస్తోంది. పైకి జరపండి, పరిమాణం ఒక్క పిక్సెల్ మార్చకపోయినా నంది కొండంత అవుతుంది, మీరే చూస్తారు.

ఇక స్టిక్కర్‌లా ఉండటానికి అసలు కారణం, నంది మొత్తం మబ్బుల ముందుంది, మబ్బు ఎక్కడా నంది ముందుకి రాలేదు. మబ్బుల లేయర్‌ని, అంటే మబ్బులున్న పొరని, ఇంకో కాపీ తీసి నంది పైన పెట్టి, దానికి మాస్క్ (పొరలో ఏది కనిపించాలో, ఏది దాగాలో చెప్పే ముసుగు) వేసి, మాస్క్ మొత్తం నల్లగా నింపేయండి. అప్పుడు ఆ కాపీ కనిపించకుండా పోతుంది. తర్వాత అంచు మెత్తగా ఉన్న పెద్ద బ్రష్ తీసుకుని, ఓపాసిటీ, అంటే రంగు పడే గాఢత, 20 శాతం దాకా తగ్గించి, తెల్లరంగుతో మడిచిన కాళ్ల మీదా పొట్ట కిందా నెమ్మదిగా రుద్దుతూ పోండి. పాలపొంగులా మబ్బు కాళ్ల మీదికి ఎక్కుతూ కనిపిస్తుంది. ఎక్కువైతే నల్లరంగుతో రుద్దితే వెనక్కి పోతుంది, అసలు ఫొటోకి ఏమీ కాదు, అందుకే ఇరేజర్ కంటే మాస్క్ మేలంటాను. చివరగా నందిలోని నలుపు చూడండి, మబ్బుల మధ్య ఉన్న ఏ వస్తువూ అంత నల్లగా ఉండదు, మధ్యలో గాల్లోని తేమ దాన్ని పలచన చేస్తుంది. వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ తెరిచి, అందులోని గీతకి కింది ఎడమ మూలనున్న చుక్కని కొంచెం పైకి లాగండి, నలుపు బూడిదరంగులోకి వస్తుంది. ఇవన్నీ అయ్యాక ఒక్కసారి బొమ్మ మొత్తాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. అందులో కూడా నంది అక్కడే పుట్టినట్టు కనిపిస్తే, రంగులు సరిచేయడం పది నిమిషాల పని.

ప్రశ్న: రిటైరయ్యాను. పాత ల్యాప్‌టాప్, ఫొటోషాప్‌కి నెలనెలా డబ్బు కట్టలేను. దారి ఉందా? – జయనగర్ పాఠకుడు

జవాబు: నిక్షేపంగా ఉందండి. జింప్ పూర్తిగా ఉచితం, లేయర్లు, మాస్కులు, కర్వ్స్ అన్నీ ఉన్నాయి, పైన చెప్పిన నంది పని మొదటి నుంచి చివరి దాకా అందులోనే చేయొచ్చు. అదీ బరువనిపిస్తే బ్రౌజర్‌లో ఫొటోపియా తెరవండి, ఇన్‌స్టాల్ చేసే పనే లేదు, ఫొటోషాప్ ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి, చూడటానికి కూడా అలాగే ఉంటుంది. కాబట్టి మీ అబ్బాయో అమ్మాయో ఫొటోషాప్‌లో నేర్పినా ఇందులో తడబడరు. మౌస్ ఒకటి కొనుక్కోండి, టచ్‌ప్యాడ్ మీద వేలితో అంచులు కత్తిరించడం మాత్రం వద్దు, చెయ్యి నొప్పి పుడుతుంది.

ప్రశ్న: "హంపి రాతిరథం తుంగభద్ర మీద పడవలా వెళ్తోంది" అని ఏఐకి చెబితే పది సెకన్లలో బొమ్మ ఇస్తోంది. ఇన్ని రాత్రులు కత్తిరించుకుంటూ కూర్చోవడం అవసరమా? – కోరమంగల పాఠకుడు

జవాబు: బొమ్మ కావాలంటే అక్కర్లేదు. మీరు హంపి నుంచి పంపే కార్డు కావాలంటే అవసరమే అంటాను. ఏఐ గీసిన రథం చూడండి, చక్రం మీద చెక్కడం ఎక్కడా విఠలాలయం దగ్గర మీరు చూసినట్టు ఉండదు, ముందున్న ఏనుగులు గుర్రాలై ఉండొచ్చు, మీ అబ్బాయి ఆ రోజు చెయ్యి ఆనించి నిలబడిన చోటు అందులో ఉండదు. కార్డు అందుకున్నవాళ్లు వెతికేది ఆ చోటునే.

ఇది కంప్యూటర్‌తో మొదలైన సరదా కూడా కాదు. వందేళ్ల కిందటే అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రంలో విలియం మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ బండి పట్టనంత మొక్కజొన్న పొత్తులతో, మనిషంత కూరగాయలతో కార్డులు చేసి అమ్మాడు, కత్తెరతో ఒక ఫొటోని కత్తిరించి ఇంకోదాని మీద అతికించి మళ్లీ ఫొటో తీయడమే ఆయన పద్ధతి. పొత్తు ఊహే, కానీ ఆ రైతులూ ఆ పొలాలూ నిజం. ఫొటోషాప్ చరిత్ర కూడా ఒక ప్రయాణపు ఫొటోతోనే ముడిపడి ఉంది. దాన్ని తయారుచేసిన అన్నదమ్ముల్లో ఒకరైన జాన్ నోల్, 1987లో బోరా బోరా దీవికి సెలవులకి వెళ్లి, సముద్రపు ఒడ్డున కూర్చున్న తన స్నేహితురాలిని ఫొటో తీశాడు. 1990లో ఫొటోషాప్ అమ్మకానికి రాకముందు, అది ఏమేం చేయగలదో జనానికి ఆ ఫొటో మీదే చూపించేవాడు. రథం ఫొటో మీది, నది ఫొటో మీది అయినప్పుడు, మధ్యలో నీళ్ల చారలు గీయడానికి ఏఐ సాయం తీసుకోండి, అందులో నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. లాల్‌బాగ్ గాజు ఇల్లు నీళ్లలో మునిగినట్టు, లోపల చేపలు, తిమింగలం, పడవ, జలకన్య అన్నీ ఉన్నట్టు చేయాలని ఉంది. చేపలు ఇంటర్నెట్ నుంచి తీసుకోవచ్చా? – యలహంక నుంచి ఒక అమ్మాయి

జవాబు: ఎంత మంచి ఆలోచన తల్లీ! 1889లో పునాది పడిన గాజు ఇల్లు అది, ఆ ఇనుప కమ్మీల మధ్య చేపలు తిరుగుతుంటే చూడాలని నాకే ఆశగా ఉంది. కానీ ఒక్క చేప చాలు. గాజు ఇల్లు నిజం, పూలకుండీలు నిజం, మధ్యలో మనిషంత చేప ఒక్కటి వెళ్తుంటే చూసేవాళ్లు గుండె పట్టుకుని చూస్తారు. నాలుగు వింతలు కలిపితే ఏది చూడాలో తెలియక పేజీ తిప్పేస్తారు. తిమింగలానికి ఇంకో కార్డు చేద్దువుగాని.

గూగుల్‌లో కనిపించిన ప్రతి ఫొటోకీ ఎవరో ఒకరు సొంతదారు ఉంటారు, అడగకుండా తీసుకోవద్దు. మీ వీధిలో అక్వేరియం ఉన్నవాళ్లని అడిగి నువ్వే తీసుకో, ఫ్లాష్ ఆపేసి, ఫోన్‌ని గాజుకి ఆనించి తీస్తే మెరుపు పడదు. తప్పనిసరైతే, షరతులతో వాడుకోనిచ్చే ఫొటోలుండే వికీమీడియా కామన్స్ వెబ్‌సైట్‌లో చూడు, కానీ ఫొటో కింద వాడుకునే షరతులు రాసి ఉంటాయి, అవి చదివి, తీసినవాళ్ల పేరు వేయమంటే కార్డు వెనక వెయ్యి.

నీళ్ల సంగతికొస్తే, అంతా నీలం పూసేస్తే నీళ్లు అయిపోవు. నీరు ముందుగా మింగేది ఎరుపునే, అందుకే లోతుకి వెళ్లేకొద్దీ ఎర్ర వస్తువు నల్లబడుతుంది. నీ ఫొటోలో ఎర్రపూల కుండీలు ఉన్నాయి కదా, అవి ఎర్రగానే ఉంటే పైన ఎంత నీలం వేసినా గాజు ఇంటి ముందు నీలం కాగితం పట్టుకున్నట్టే ఉంటుంది. రంగుల గాఢత మార్చే హ్యూ సాచురేషన్‌లో ఎరుపు ఒక్కటే ఎంచుకుని బాగా తగ్గించు. దూరపు స్తంభాలు నీలిమసకలో కలిసిపోవాలి. చేప నీడ నేలమీద మెత్తగా పడాలి, ఇది మర్చిపోకు.

ప్రశ్న: కబ్బన్ పార్కులో మంచు కురుస్తున్నట్టు కార్డు చేసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నెల్లూరు బాబాయి నిజమనుకుని అందరికీ పంపేశారు, "బెంగళూరులో మంచు" అని. నాకు ఒకటే టెన్షన్. తప్పు నాదేనా? – హెబ్బాళ పాఠకుడు

జవాబు: మీ బాబాయిది తప్పనలేమండి. బెళ్లందూరు చెరువు నురగ రోడ్ల మీదికి ఎగిరిపడ్డ ఫొటోలు మొదటిసారి చూసినప్పుడు, కల్పితం అనుకున్నవాళ్లు ఎంతోమంది. అది నిజం. అదే చెరువు 2018 జనవరిలో మంటల్లో పొగలు కక్కింది, అదీ నిజం. నిజంగానే ఇంత జరిగే ఊళ్లో మంచు పడిందంటే నెల్లూరులో ఉన్న మనిషి నమ్మకుండా ఎలా ఉంటారు?

ముందు గ్రూపులో "ఇది నేను చేసిన బొమ్మ" అని సూటిగా రాయండి, బాబాయికి విడిగా ఫోన్ చేసి చెప్పండి, పదిమందిలో ఆయన చిన్నబుచ్చుకోకుండా. ఇకమీదట "ఊహాచిత్రం" అనే మాట బొమ్మలోనే, కత్తిరిస్తే బొమ్మ పాడయ్యేంత మధ్యలోకి వేయండి, మూలన వేస్తే ఎవరో ఒకరు కోసేస్తారు. నిజంగా జరగడానికి వీలున్నవి, వరద, అగ్నిప్రమాదం, కూలిన వంతెన లాంటివి చేయకండి. ఈ విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, ఎందుకంటే అలాంటి బొమ్మ చూసి ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు భయపడి ఫోన్లు చేస్తారు. ముక్కూమొహం తెలియని టూరిస్టుల ముఖాలు కూడా మసక చేసేయండి.

ప్రశ్న: ఫోన్‌లో ధగధగలాడిన కార్డు ప్రింట్‌లో వెలవెలబోయింది, పైగా పైనున్న గోపుర కలశం తెగిపోయింది. వెనక పెన్నుతో రాస్తే సిరా అలుక్కుపోతోంది. – ఎలక్ట్రానిక్ సిటీ పాఠకురాలు

జవాబు: నాకూ ఇదే జరిగింది. ఊదారంగు జకరండా పూల కార్డు ఒక ప్రింటింగ్ షాపులో యాభై వేయించుకుంటే, పూలన్నీ నీరుకావి రంగులో వచ్చాయి. ఫోన్ తెర తానే వెలుగుతుంది, కాగితం మీద పడిన వెలుగే తిరిగి రావాలి, పైగా ప్రెస్సులో వాడే నాలుగు సిరాలకి మెరిసే ఊదా, నీలం, చిలకపచ్చ అందవు. అందుకే ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి దించి చూసుకుని రంగులు సరిచేయండి, ఒక్క కార్డు నమూనా వేయించుకుని పగటి వెలుగులో చూశాకే మిగతావి వేయమనండి. ఫైలు వాట్సాప్‌లో ఫొటోలా పంపితే నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాల కార్డుకి 1800 బై 1200 పిక్సెళ్లు ఉండాలి. అంచులు కోసేటప్పుడు కత్తి కాస్త అటూఇటూ పోతుంది కాబట్టి ప్రతి వైపూ 3 మిల్లీమీటర్లు, అంటే 35 పిక్సెళ్లు అదనంగా ఆకాశమో నేలో ఉంచి, 1870 బై 1270గా ఇవ్వండి. కలశం, పేరు, ముఖాలు లాంటివి అంచుకి బాగా లోపల ఉండాలి. మీ కలశం తెగింది ఇందువల్లే, ఇంకో కారణం ఫోన్ ఫొటో కార్డు కంటే ఎత్తుగా ఉంటుంది, షాపువాళ్లు పైనా కిందా కోసేశారు.

సిరా సంగతి, రెండువైపులా నునుపు పూత ఉన్న కార్డు ఇచ్చారన్నమాట. సుల్తాన్‌పేట, అవెన్యూ రోడ్డు వైపు వెళ్లి, బొమ్మ వైపు మాత్రమే పూత ఉన్న 300 జీఎస్‌ఎం (కాగితం ఎంత దళసరో చెప్పే కొలత) కార్డు కావాలని అడగండి, వేలితో వెనకవైపు రుద్ది చూడండి, గరుగ్గా తగలాలి. ఇప్పటికే వేయించిన వాటి మీద బాల్‌పెన్‌తో రాసి, కాసేపు ఫ్యాన్ కింద ఆరబెట్టి, కవర్లో పెట్టి పోస్టు చేయండి.