ఇన్-స్టేట్ అవుతుందన్న ఆశతో ట్రాన్స్‌ఫర్ తీసుకోకండి

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ అయిన కాలిన్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ రెండేళ్లు పూర్తి చేస్తోంది. డిగ్రీ పూర్తి చేయడానికి ట్రాన్స్‌ఫర్ మీద యూటీ డాలస్‌లో సీటు వచ్చింది. ఇండియానాలోని పర్డ్యూ యూనివర్సిటీలో కూడా వచ్చింది, అక్కడికే వెళ్తానంటోంది. మొదటి ఏడాది బయటి రాష్ట్రాలవాళ్లకు వేసే అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజు కట్టి, ఈలోగా ఇండియానా డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుంటే రెండో ఏడాదికి ఇన్-స్టేట్ (ఆ రాష్ట్రం పిల్లలకు వేసే తక్కువ ఫీజు) అయిపోతుందని తెలిసినవాళ్లు చెప్తున్నారు. నిజమేనా?

జవాబు: కాదండీ. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది నోట ఇదే మాట. ఇండియానా నిబంధన ప్రకారం పన్నెండు నెలలు అక్కడ ఉన్నంత మాత్రాన సరిపోదు, చదువు కోసం కాకుండా వేరే కారణంతో ఉండాలి. పైగా అమ్మాయి మీమీద ఆధారపడి ఉన్నంతకాలం మీ రాష్ట్రమే ఆమె రాష్ట్రం. ఎంసెట్‌లో లోకల్, నాన్‌లోకల్ గొడవ మనకు కొత్త కాదు కదా. అక్కడ పిల్లలు ఎక్కడ చదివారో చూస్తారు, ఇక్కడ తల్లిదండ్రులు ఎక్కడ స్థిరపడ్డారో చూస్తారు. మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగం నిజంగానే ఇండియానాకి మారి, కాపురం అక్కడికి తరలితే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

కాబట్టి చివరి సెమిస్టర్ దాకా అవుట్-ఆఫ్-స్టేట్ ఫీజే అనుకోండి. పర్డ్యూని ఒక విషయంలో మెచ్చుకోవాలి, 2013 నుంచి ట్యూషన్ పెంచలేదు. ఇండియానా పిల్లలకు ఏడాదికి 9,992 డాలర్లు, బయటి రాష్ట్రాలవాళ్లకు 28,794. హాస్టలు, తిండి కలిపితే ఇంకో పది వేల పైనే. అంటే దగ్గరదగ్గర 40 వేలు. యూటీ డాలస్‌లో మీకు ఇన్-స్టేట్ ఫీజు 15 వేలకి అటూ ఇటూ ఉంటుంది, అమ్మాయి ఇంట్లో తిని కారులో వెళ్లిరావచ్చు.

ఇంతవరకు అందరూ వేసే లెక్కే. నా భయం వేరే. "రెండేళ్లు అయిపోయాయి, ఇంకా రెండేళ్లే" అనుకుంటున్నారు చూశారా, దాని గురించి. టెక్సాస్‌లో 42 క్రెడిట్ గంటల కోర్ (అందరూ చదవాల్సిన సాధారణ కోర్సులు) పూర్తి చేస్తే రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీలన్నీ దాన్ని గంపగుత్తగా ఒప్పుకోవాలి. రాష్ట్రం దాటితే ఆ హామీ లేదు. పర్డ్యూ ఇచ్చే క్రెడిట్ల కాగితం తీసి ఒక్కో వరుసా చదవండి. కొన్నిచోట్ల కోర్సు నంబరుకి బదులు ఒకటి, దాని పక్కన నాలుగు ఇంటూ గుర్తులు కనిపిస్తాయి. వాటిని అన్‌డిస్ట్రిబ్యూటెడ్ అంటారు. క్రెడిట్ ఇచ్చారు గానీ, మా ఫలానా కోర్సుకి బదులుగా కాదు అని అర్థం. మొత్తం 60 దాటినట్టే ఉంటుంది, డిగ్రీకి పనికొచ్చేవి అంతకంటే బాగా తక్కువ ఉండొచ్చు.

కంప్యూటర్ సైన్స్‌లో ఇది ఇంకా ఇబ్బంది. పర్డ్యూలో 18000 నంబరు కోర్సు అయ్యాకే 18200, 24000 నంబర్లవి. అవి అయ్యాక 25000, 25100. ఆ తర్వాతే 25200. మెట్లు దూకడానికి లేదు. అమ్మాయి చేసిన జావా కోర్సుతో 18000 దాటినా, సీ లాంగ్వేజ్ నేర్పే 24000కి సరిపోయే కోర్సు లేకపోతే 25200 చేరేసరికి మూడో సెమిస్టర్ వస్తుంది. పై కోర్సులన్నీ ఇంకో సెమిస్టర్‌లో ఇరికించలేరు. మొత్తం ఐదో, ఆరో సెమిస్టర్లు పడతాయి. ఒక్కో సెమిస్టర్ 20 వేల డాలర్లు! కాలేజీ మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా పార్లమెంటు తరఫున లెక్కలు చూసే జీఏఓ సంస్థే 2017లో చెప్పింది.

స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోకండి, పెద్దవన్నీ ఎక్కువగా మొదటి ఏడాదిలోనే ఫ్రెష్‌మన్‌గా చేరేవాళ్లకే. పొరుగు రాష్ట్రాల మధ్య ఉండే రాయితీ ఒప్పందాలూ మీకు అక్కరకు రావు. దక్షిణాది రాష్ట్రాల ఒప్పందంలో టెక్సాస్ మాస్టర్స్, ఆపై చదువులకు మాత్రమే ఉంది, పడమటి రాష్ట్రాలదానిలో అసలు లేదు.

మీరు గ్రీన్ కార్డు మీద ఉన్నారో, హెచ్-1బీ మీద ఉన్నారో రాయలేదు. అమ్మాయి హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే వీసా) అయితే ఫెడరల్ సాయం రాదు, 21 నిండేలోపే విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. అప్పుడు కొన్ని యూనివర్సిటీలు ఇంటర్నేషనల్ రేటు వేస్తాయి, అది ఇంకా ఎక్కువ. ఆమె పుట్టినరోజు ఏ సెమిస్టర్‌లో పడుతుందో ముందే చూసుకోండి.

సీటు ఒప్పుకునేముందు పర్డ్యూ అడ్వైజర్‌కి అమ్మాయి చేతే ఈమెయిల్ రాయించండి: "నా క్రెడిట్లతో డిగ్రీ ఎన్ని సెమిస్టర్లలో అవుతుంది, ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు?" నాలుగు అని రాతపూర్వకంగా వచ్చి, 80 వేలు అప్పు లేకుండా పెట్టగలిగితే పంపండి, నేను అడ్డు చెప్పను. ఆరు అని వస్తే మాత్రం యూటీ డాలస్‌లో డిగ్రీ పూర్తి చేయించి, పర్డ్యూని మాస్టర్స్‌కి ఉంచుకోమనండి. ఆ ఈమెయిల్‌కి జవాబు వచ్చాక క్రెడిట్ల కాగితం కూడా జతచేసి నాకు మళ్లీ రాయండి.