పోత ఇనుమా, హెడర్లా?

ప్రశ్న: అయ్యా, మాది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. రెండేళ్ల కిందట 1968 పాంటియాక్ జీటీవో హార్డ్‌టాప్ కొన్నాను. 400 క్యూబిక్ అంగుళాల ఇంజన్, ఆటోమేటిక్ గేరుబాక్సు. ఇంజన్ లోపల ఎవరూ ఏమీ మార్చలేదు. ఇప్పుడు ఎడమ వైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగను పోగుచేసి బయటి పైపులోకి పంపే పోత ఇనుము భాగం, పగిలింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్కుటిక్కుమంటుంది. దాని బదులు హెడర్లు, అంటే సిలిండరుకొకటి చొప్పున పొడవాటి రేకు గొట్టాలు, వేస్తే నలభై హార్స్‌పవర్ పెరుగుతుందని మెకానిక్ అంటున్నారు. ఆదివారాలు పిల్లలను ఎక్కించుకుని తిరగడానికే ఈ బండి. ఏది వేయించమంటారు?

జవాబు: హెడర్లు వద్దండీ. పాంటియాక్ సంస్థ ఎక్కువ శక్తినిచ్చే తన రామ్ ఎయిర్ ఇంజన్లకు బిగించిన రకం పోత ఇనుము మానిఫోల్డ్‌లను ఇప్పుడు కొత్తగా పోతపోసి అమ్ముతున్నారు. ఆ జత వేయించండి.

కారణం చెప్పేముందు చిన్న మాట. ముందు అద్దంలోంచి డ్రైవరు వైపు కనిపించే తయారీ నంబరు (VIN) పలక చదవండి. 242378 తర్వాత జెడ్ అక్షరం ఉంటే మీ బండి మీ ఊళ్లోనే పుట్టిందన్నమాట. జనరల్ మోటార్స్‌కు ఫ్రీమాంట్‌లో ఉన్న కర్మాగారం గుర్తు అది. ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నది ఆ ఆవరణలోనే. అంకెలు అసలు 242తో మొదలుకాకపోతే మాత్రం అది జీటీవోగా పుట్టిన బండి కాదు. అప్పుడు ఏ భాగం కొనేముందైనా ఇంజన్ నంబర్లన్నీ సరిచూసుకోవాలి.

ఇక మానిఫోల్డ్ సంగతి. మీ ఇంజన్‌లో సిలిండర్లు మండే వరుస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలన్నీ ఎడమ వైపు, సరి అంకెలన్నీ కుడి వైపు ఉంటాయి. వరుసలో 5, 7 పక్కపక్కనే ఉన్నాయి చూడండి. ఇంజన్‌లోనూ అవి పక్కపక్కనే ఉంటాయి. 5వ సిలిండరు తన పొగను ఇంకా పూర్తిగా బయటికి నెట్టకముందే 7వ దాని పొగ ఒక్క ఊపున వచ్చి అదే దారిలో పడుతుంది. మామూలు మానిఫోల్డ్ లోపలి దారి పొట్టిది, ఇరుకైనది. 7 నుంచి వచ్చిన ఒత్తిడి 5 వైపు ఎదురు తన్నుతుంది. కుడి వైపు 8, 4లకూ వెంటవెంటనే వంతు వస్తుంది కానీ వాటి మధ్య 6 ఉంది కనుక కొంత నయం. హెడర్లు ఈ చిక్కును విప్పే పద్ధతి తేలిక: ఒక్కో సిలిండరుకు ఒక్కో గొట్టం ఇచ్చి, దూరంగా కలెక్టరులో నాలుగింటినీ కలుపుతాయి. రామ్ ఎయిర్ మానిఫోల్డ్ కూడా అదే పనిని ఇనుములో చేతనైనంత చేస్తుంది. దాని శాఖలు పొడవు. మామూలు దానికంటే ఎక్కువ దూరం విడివిడిగా నడిచి, మూతి దగ్గరపడ్డాక కలుస్తాయి. నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి. పోత ఇనుములో ఇంత శ్రద్ధగా తీర్చిన దారులు అంతకుముందు చూడలేదు. మొదటిసారి ఆ మానిఫోల్డ్ చేతికొచ్చినప్పుడు చాలాసేపు కింద పెట్టలేకపోయాను.

మీ మెకానిక్ చెప్పింది అబద్ధం కాదు. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ పెద్దది వేసి, సిలిండర్ల పై మూతలైన హెడ్‌లు విప్పి వాటిలో గాలి, పొగ వెళ్లే పోర్టులు పెద్దవి చేయించిన ఇంజన్‌కు హెడర్లు కావాలి. ఎప్పుడైనా అంతదూరం వెళితే 1¾ అంగుళాల గొట్టాలు, 3 అంగుళాల కలెక్టరు ఉన్నవి తీసుకోండి. మీ క్యామ్‌షాఫ్ట్ పాతదే కనుక, నలభై హార్స్‌పవర్‌ను లెక్కలో పెట్టుకుని డబ్బు ఖర్చు చేయవద్దు. 1968లో కంపెనీ ప్రకటించిన 350 హార్స్‌పవర్‌ కూడా బండిలోని సైలెన్సర్లు లేకుండా, ఇంజన్‌ను బల్ల మీద పెట్టి కొలిచిన అంకె. రోడ్డు మీద చక్రాలకు అందేది అందులో చాలా తక్కువ.

నేను హెడర్లు వద్దనడానికి అసలు కారణం వేడి. డెట్రాయిట్ దగ్గర ఉన్నప్పుడు నా 1969 జీటీవోకు నా చేతులతోనే హెడర్లు బిగించాను. శబ్దం గొప్పగా ఉండేది. జూలైలో ఒక మధ్యాహ్నం పెట్రోలు పోయించుకుని తాళం తిప్పితే స్టార్టర్ కదలలేదు. పాంటియాక్‌లో స్టార్టర్ ఇంజన్‌కు కుడి వైపు కింద ఉంటుంది. గొట్టం దాని పక్కనుంచి వేలెడు దూరంలో పోతోంది. ఇంజన్ ఆపగానే గాలి ఆడక ఆ వేడంతా స్టార్టర్‌కు కరెంటు అందించే స్విచ్ అయిన సోలినాయిడ్‌లోకి దిగింది. ముప్పావు గంట చల్లారాక గాని తిరగలేదు. వెనక సీట్లో మా అమ్మాయి నాలుగేళ్లది, చెమటతో తడిసి ఏడుస్తోంది. ఆ చలికాలమే హెడర్లు విప్పేశాను. మీరూ పిల్లలను ఎక్కించుకునే వెళతామన్నారు కనుక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

వేడి ఒక్కటే కాదు. హెడర్ల కలెక్టర్లు కిందికి వేలాడతాయి, ఇంటి ముందు వాలు ఎక్కేటప్పుడు నేలకు గీసుకుంటాయి. పలచటి రేకు గొట్టాలు గనుక ఇంజన్ చప్పుడు కారు లోపలికి వస్తుంది. బోల్టులు మాటిమాటికీ వదులవుతాయి. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు కనుక ఆ చిక్కు మీకు రాదు. కానీ ఎగ్జాస్ట్ శబ్దానికి 95 డెసిబెళ్ల పరిమితి పాత బండ్లకూ ఉంది.

కొనేముందు సిలిండర్ హెడ్ చూడండి. నడిమి ఎగ్జాస్ట్ పోర్టుల దగ్గర అచ్చులో పోసిన అంకె ఉంటుంది. మీ ఇంజన్‌కు 16 ఉండే అవకాశం ఎక్కువ. వాటి పోర్టులు ఇంగ్లిషు డి అక్షరం ఆకారంలో ఉంటాయి. రామ్ ఎయిర్ రకంలోనే గుండ్రటి పోర్టుల హెడ్‌లకు చేసిన మానిఫోల్డ్‌లు వేరే ఉన్నాయి. అవి మీ హెడ్‌లకు సరిపోవు. డి-పోర్టు జత అని రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. మూతి రెండున్నర అంగుళాలది దొరికితే అదే మేలు. మూతి ఉండే చోటు మారుతుంది కాబట్టి కిందికి దిగే పైపులు కూడా ఈ మానిఫోల్డ్‌ల కోసం వంచినవే కొనాలి. పాత పైపులకు అతుకులు వేయడానికి ఒప్పుకోకండి.

పాత బోల్టులు విప్పడమే ఈ పనిలో కష్టమైన భాగం. మూడు నాలుగు రోజుల ముందు నుంచి రోజూ తుప్పు వదిలించే నూనె పోయించండి. బిగుసుకున్నదాన్ని బలంతో తిప్పితే తల తెగి మిగతాది హెడ్‌లో ఉండిపోతుంది. దాన్ని డ్రిల్లుతో తీయాలంటే ఒక పూట పడుతుంది. కొత్త మానిఫోల్డ్ ముఖం మీద ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. సందు కనిపిస్తే బిగించేముందే మెషిన్ షాపులో చదును చేయించాలి. నాలుగైదు సార్లు వేడెక్కి చల్లారాక, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బోల్టులన్నీ మరోసారి బిగించండి. తర్వాత గ్యాస్కెట్ అంచున నల్లటి మసి గీత పడితే అక్కడ పొగ కారుతోందని అర్థం. ఆటోనగర్‌లో మా మేస్త్రి చెవితో వినకముందే ఆ గీత చూసి చెప్పేవారు.

పగిలిన పాత మానిఫోల్డ్‌ను పారేయకండి. పోత ఇనుము వెల్డింగ్ తెలిసినవారు దాన్ని బాగుచేయగలరు. రేపు బండి ఎవరికైనా ఇస్తే వాళ్లు మొదట అడిగేది అదే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. నా 1970 షెవర్లే షెవెల్ కారుకు ఇప్పటికే మామూలు ఇనుప హెడర్లు ఉన్నాయి. వేడి తగ్గడానికి వాటి చుట్టూ పట్టీ చుట్టమంటున్నారు. చుట్టించనా?

జవాబు: వద్దండీ. పట్టీ వేడిని ఆపుతుంది, తడిని కూడా పట్టి ఉంచుతుంది. నెలకు రెండుసార్లే బయటికి తీసే బండిలో ఆ తడికి గొట్టాలు లోలోపలే తుప్పు పట్టి చిల్లులు పడతాయి. పైన పట్టీ ఉంటుంది గనుక చిల్లు పడేదాకా మీకు తెలియదు. హెడర్లు విప్పించి లోపలా బయటా సిరామిక్ పూత వేయించండి. స్టార్టర్ మీద వేడిని అడ్డుకునే కవచం ఒకటి వేరుగా పెట్టించండి.