నీళ్లు తాగితే చాలు, పొలమారుతోంది

ప్రశ్న: మా నాయనకు 68 ఏళ్లు. చాలా ఏళ్లుగా పార్కిన్సన్స్‌కు (వణుకుడు జబ్బుకు) మందులు వాడుతున్నాడు. ఈమధ్య నీళ్లు తాగితే చాలు, పొలమారుతోంది. సంగటి మాత్రం ఎట్లో మింగుతాడు. తినడానికి గంట పడుతోంది, బరువు కూడా తగ్గాడు. గొంతులో గడ్డ ఏమన్నా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక కూతురు, ప్రొద్దుటూరు

జవాబు: డాక్టరు గొంతు ఎలాగూ చూస్తారు గానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇది ఆ పార్కిన్సన్స్ వల్లే కావచ్చమ్మా. పార్కిన్సన్స్ చేతుల్నే కాదు, నాలుకనూ గొంతు కండరాలనూ కూడా మందగింపజేస్తుంది. నీళ్లు పల్చగా ఉంటాయి కాబట్టి శ్వాసనాళం మూసుకునేలోపే జర్రున అందులోకి దిగిపోతాయి.

పొలమారితే ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నెత్తిన తట్టి నీళ్లు తాగిస్తాం కదా, ఆయనకు ఆ పని అస్సలు చేయొద్దు. కొంచెం ముందుకు వంగి బాగా దగ్గనివ్వండి. దగ్గలేక, మాట రాక, ఊపిరాడకపోతే మాత్రం ముందుకు వంచి వీపు మీద భుజాల మధ్య అరచేత్తో గట్టిగా కొడుతూ, పక్కవాళ్లను 108కి ఫోన్ చేయమనండి.

సంగటి దిగుతోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. మన సీమలో ముద్దను పులుసులో అద్ది నమలకుండానే గుటుక్కున మింగేస్తాం, బంకగా ఉండే ఆ ముద్ద ఆయన గొంతుకు అడ్డం పడొచ్చు. రాగులు మానక్కర్లేదు, చిక్కటి జావ కాయండి. చారన్నం, పల్చటి మజ్జిగన్నం ఇంకా కష్టం, మెతుకులు నోట్లో ఉండగానే నీళ్లు ముందు జారిపోతాయి. పప్పన్నమో పెరుగన్నమో మెత్తగా పిసికి, గట్టిగా కలిపి పెట్టండి. పొడి బొరుగులు, చెనక్కాయలు వద్దు.

పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మాత్ర వేసుకున్న అరగంట, గంటకు ఒళ్లు కాస్త తేలికపడుతుంది, భోజనం ఆ వేళకు పెట్టమంటారేమో డాక్టరును అడగండి. నిటారుగా కూర్చోబెట్టి, టీవీ ఆపేసి, చిన్న చెంచాతో కొంచెం కొంచెంగా, ఒకటి మింగాకే ఇంకొకటి. తిన్నాక అరగంట పడుకోనివ్వద్దు. గంటసేపు తింటే అలసిపోతాడు, అదే తిండి ఐదారుసార్లుగా పెట్టండి. మాత్రలు మింగలేకపోతున్నాడని నలిపేయకండి, కొన్ని నలపకూడదు.

దగ్గు రాకుండానే తిండీ నీళ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగిపోవడం ఈ జబ్బులో ఉంది, నాకు ఎక్కువ భయం దానికే. తిన్నాక గొంతు గరగరలాడినా, జ్వరం, కఫం వచ్చినా ఆరోజే చూపించండి. బరువు తగ్గాడన్నారు కాబట్టి ఈ వారమే న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లి, మింగడం పరీక్షించే స్పీచ్ థెరపిస్టుకు రాసివ్వమనండి. ప్రభుత్వ వైద్యమైతే కర్నూలు సర్వజన ఆసుపత్రిలో న్యూరాలజీ విభాగం ఉంది. ఏం తింటే, ఏ వేళ పొలమారిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.